కవర్ మీద ఊలు ఉండ, లోపల విడాకులు

మీ ప్రశ్న చదివితే ముందు నవ్వొచ్చింది, తర్వాత మీ మీద కాస్త జాలేసింది. మీరు రాసింది క్లుప్తంగా ఇదీ: డల్లాస్‌లో ఉంటున్నారు, నిట్టింగ్ మొదలుపెట్టి ఏడాదైంది. ఒకావిడ తన నిట్టింగ్ జీవితం గురించి రాసుకున్న జ్ఞాపకాల పుస్తకం కొన్నారు. ఇంకో కాపీ రాజమండ్రిలో ఉన్న అమ్మగారికి పంపారు. తీరా చదివితే మూడొందల పేజీల్లో అల్లిక గురించి ముప్పై పేజీలు కూడా లేవు. మిగతాదంతా ఆవిడ విడాకులు, ఇల్లు మారడం, అక్కతో గొడవలు. సాదాగా బతకడం గురించి చెప్పే ఆవిడ వాడే ఊలు మాత్రం బోలెడు ఖరీదని కూడా రాశారు. ఆ ముప్పై పేజీల్లో కూడా ఏదో తేడా కొడుతోంది గానీ అదేమిటో చెప్పలేకపోతున్నానన్నారు. రివ్యూలు చూస్తే సగం మందిది మీ మాటే, మిగతా సగం మంది మాత్రం ‘ఈ నిట్టింగ్ గోల మరీ ఎక్కువైంది’ అంటున్నారు. పైగా మూడో అధ్యాయం చివర ఇచ్చిన టోపీని అమ్మగారు అల్లితే చిన్నదైపోయింది. ఆవిడ లెక్కే తప్పు అని అమ్మ తేల్చేశారు. తప్పు పుస్తకానిదా, మనదా అని అడిగారు.

పుస్తకం పేరు మీరు రాశారు గానీ నేను ఇక్కడ ఎత్తను. ఇదే ఫిర్యాదు ఐదారు పుస్తకాల మీద విన్నాను, వాటిలో మూడు నేనే కొని విసుక్కున్నాను. ఆ ఒక్కావిడని బోనులో నిలబెట్టడం న్యాయం కాదు.

నా సంగతి కూడా చెప్పాలి కదా. ఢిల్లీలో ఒక స్కూలు లైబ్రరీలో ఇరవై ఆరేళ్లు పనిచేశాను. నిట్టింగ్ నేర్చుకున్నది కూడా ఆ ఊళ్లోనే, ఆర్.కె.పురం క్వార్టర్స్‌లో, పెళ్లయిన మొదటి చలికాలం. మధ్యాహ్నం వంట పనులయ్యాక ఎండ పడే గోడవారగా మంచాలు వేసుకుని అందరూ కూర్చునేవాళ్లు, పక్కన వేరుశనక్కాయలు. ఎదురింటి పంజాబీ ఆంటీ నా చేతిలో రెండు సలాయిలు పెట్టి నేర్పింది. సలాయి అంటే సూది, ఫందా అంటే కుట్టు. మిగతాదంతా సీదా, ఉల్టా, అంటే మామూలు కుట్టు, తిరగేసిన కుట్టు. ఇప్పుడు హైదరాబాద్ వచ్చేసి పన్నెండేళ్లయింది, ఇక్కడ స్వెట్టర్ వేసుకునేది ఏడాదికి ఇరవై రోజులు. అయినా నా వేళ్లు లెక్కపెట్టేది ఇప్పటికీ హిందీలోనే.

ముందు తేలికైన సంగతి. మీరు 746 అరకి వెళ్లి 920 పుస్తకం ఇంటికి తెచ్చుకున్నారు. లైబ్రరీల్లో విషయాన్ని బట్టి పుస్తకాలకి నంబర్లిచ్చే డ్యూయీ వర్గీకరణలో నిట్టింగ్ నంబరు 746.432, క్రోషా, అంటే కొక్కెం ఉన్న ఒకే సూదితో చేసే అల్లిక, దాని పక్కనే 746.434. జీవిత చరిత్రలు 920లో ఉంటాయి. లైబ్రరీలో ఈ రెండు అరల మధ్య ఓ పదడుగులు ఎడం ఉంటుంది. ఆన్‌లైన్‌లో ఆ ఎడం ఉండదు. ‘నిట్టింగ్’ అని కొడితే రెండూ పక్కపక్కనే వచ్చి కూర్చుంటాయి.

నేనే ఈ తప్పు చేశాను. తొంభైల చివర్లో మా స్కూలుకి ఓ పెట్టెడు పుస్తకాలు వచ్చాయి. ఒకదాని కవర్ మీద ఎర్రటి ఊలు ఉండ, అందులో గుచ్చిన రెండు చెక్క సూదులు. లోపల నాలుగు పేజీలు కూడా తిప్పకుండా 746 అని లేబుల్ అంటించేశాను. క్రాఫ్ట్ టీచర్ ఆ సాయంత్రమే తీసుకెళ్లింది. మూడో రోజు పొద్దున్నే తెచ్చి నా బల్ల మీద టప్‌మని పెట్టి, “మేడమ్, ఇందులో ఒక్క డిజైనూ లేదు. ఆవిడ మొగుడు వదిలేశాడట, అంతా అదే గోల” అంది. లేబుల్ పీకి 920లోకి మార్చాను. అక్కడ రెండేళ్లు దుమ్ము పట్టింది. తర్వాత కెమిస్ట్రీ మేడమ్ ఒకావిడ, భర్త పోయి ఆర్నెల్లయింది, ఏదైనా తేలిగ్గా చదువుకునేది ఇవ్వమంది. చేతికి అదే తగిలితే ఇచ్చాను. ఆవిడకి సూది పట్టుకోవడం కూడా రాదు. రెండుసార్లు రెన్యూ చేయించుకుని మూడోసారి ఫైన్ కట్టి మరీ ఉంచుకుంది.

ప్రతి పాఠకుడికీ ఒక పుస్తకం, ప్రతి పుస్తకానికీ ఒక పాఠకుడు అని లైబ్రరీ శాస్త్రవేత్త రంగనాథన్‌గారు 1931లోనే సూత్రాలు రాశారు. ప్రచురణకర్తకి మాత్రం ఒకే పుస్తకానికి రెండు అరల పాఠకులూ కావాలి. ఊరూపేరూ తెలియని మనిషి విడాకుల కథ అంటే ఎవరు కొంటారు? అదే కవర్ మీద ఊలు ఉండ వేస్తే నిట్టింగ్ చేసేవాళ్లు కొంటారు, వాళ్ల పుట్టినరోజుకి ఏం ఇవ్వాలో తోచని చుట్టాలు కొంటారు. మీరూ అమ్మగారికి అలాగే కొన్నారు కదా. నాకు మా పిల్లలు ఇచ్చినవాటిలో సగం ఇలాంటివే, ‘అమ్మకి నిట్టింగ్ ఇష్టం’ అని కొన్నవి.

కాబట్టి కవర్ మోసం ప్రచురణకర్తది. కానీ నిజంగా జవాబు చెప్పాల్సింది మీరు అన్న రెండో మాటకి: ఉన్న ముప్పై పేజీల్లో కూడా ఏదో తేడా కొడుతోందని.

ఆ పేజీల్లో చేతులు ఉండవు. అల్లిక ఉంటుంది, ఊలు రంగు ఉంటుంది, కిటికీలోంచి పడే మంచు ఉంటుంది, టీ కప్పు తప్పకుండా ఉంటుంది. సూది మీద కుట్లెన్నో మాత్రం ఉండదు. రెండు వాక్యాలు గడవకముందే ఊలు జీవితం అయిపోతుంది, చిక్కు పడితే సంసారం అయిపోతుంది, విప్పితే విడాకులైపోతుంది. నిట్టింగ్ రానివాళ్లకి ఇది అందంగా ఉంటుంది. వచ్చినవాళ్లు చదివేటప్పుడు వేళ్లు కూడా చదువుతుంటాయి, వాటికి అందులో చేయడానికి పనేమీ దొరకదు. మీకు ‘తేడా’ అనిపించింది అదే అనుకుంటాను.

తెలుగువాళ్లకి ఇంకో చిక్కు కూడా ఉంది. మనం జడ అల్లుతాం, బుట్ట అల్లుతాం, వల అల్లుతాం, తీగ పందిరికి అల్లుకుంటుంది, లేనిపోని కథలు కూడా అల్లుతాం. ‘చాల్లే, అల్లకు’ అని పిల్లల్ని కసురుకుంటాం. జీవితాన్ని అల్లికతో పోల్చి ఎవరైనా గొప్పగా చెప్పబోతే, అది మన నాలుక మీద ఎప్పటినుంచో ఉన్నదే కదా అనిపిస్తుంది. ఇంగ్లీషులో ఆవిడకి కొత్తగా దొరికిన పోలిక మన దగ్గర అరిగిపోయిన రూపాయి.

చేతులు లేని రాతని పట్టుకోవడం తేలిక. నేను చదివిన ఒకదాంట్లో ఆవిడ పెద్దవాళ్ల సైజు స్వెట్టర్ ఒకటి శని, ఆదివారాల్లో మొదలుపెట్టి ముగించేసింది, అదీ పసిబిడ్డని చూసుకుంటూ. లెక్క వేసి చూడండి. మామూలు ఊలు, 4 మిల్లీమీటర్ల సూదులు అనుకుందాం. పది సెంటీమీటర్ల వెడల్పుకి 22 కుట్లు, పది సెంటీమీటర్ల ఎత్తుకి 28 వరసలు వస్తాయి. ఛాతీ చుట్టుకొలత 100 సెంటీమీటర్లంటే చుట్టూ 220 కుట్లు. కింద అంచు నుంచి చంక దాకా 40 సెంటీమీటర్లంటే 112 వరసలు. అంటే 24,640 కుట్లు. నా చేతికి నిమిషానికి ముప్పై కుట్లు పడతాయి, నలభై ఏళ్ల అలవాటు కాబట్టి. ఆ లెక్కన ఆపకుండా అల్లితే పదమూడున్నర గంటలు దాటుతుంది. ఇంకా చేతులు అల్లలేదు, భుజాలు లేవు, మెడ లేదు. పాలు పట్టలేదు, స్నానం లేదు. ఆవిడ అబద్ధం చెప్పిందని అనను. ఆ వారం ఏమీ గుర్తులేక రెండ్రోజులని రాసి ఉంటుంది. అల్లిక కూడా గుర్తు లేదంటే మరి ఏం గుర్తుందని జ్ఞాపకాలు రాసినట్టు?

గుర్తుండడమంటే ఎలా ఉంటుందో నా సొంత గొడవ ఒకటి చెప్తాను. పెళ్లయిన మూడో ఏడు మా మరిదికి స్వెట్టర్ అల్లుతున్నాను. ముందు భాగంలో నడిమధ్య జడ డిజైన్. ఆరు కుట్లలో మూడింటిని పక్క సూది మీదకి తీసి, ముందుకి పట్టుకుని, వెనక మూడూ అల్లాక వాటిని అల్లాలి. ప్రతి ఎనిమిదో వరసలో అలా మెలిక వేస్తే జడ వస్తుంది. ఒక మెలికలో పక్క సూదిని ముందుకి బదులు వెనక్కి పట్టుకున్నాను. ఆ రోజు ఇంట్లో గ్యాస్ అయిపోయి టెన్షన్‌లో ఉన్నాను, చూసుకోలేదు. ఇంకో ఇరవై రెండు వరసలు అల్లేశాను. మా అత్తగారు పాలకొల్లు నుంచి వచ్చి ఉన్నారు. ఆవిడకి నిట్టింగ్ రాదు, చేతిలో ఎప్పుడూ లేసు పని, క్రోషా సూది. కాఫీ తాగుతూ దూరం నుంచి చూసి, “అదేమిటే, అన్నీ ఇటు తిరిగి అదొక్కటీ అటు తిరిగిందీ?” అన్నారు.

మొత్తం విప్పితే మూడు రోజుల పని పోతుంది. ఆంటీ ఒక దారి చూపించింది. ఆ ఆరు కుట్లని మాత్రమే సూది నుంచి వదిలేసి ఇరవై రెండు వరసలు కిందకి జార్చాలి. ఊలు నిచ్చెన మెట్లలా అడ్డంగా వేలాడుతుంది. మెలిక సరిచేసి, ఒక్కో మెట్టునీ క్రోషా సూదితో ఒక్కో కుట్టులోంచి పైకి లాగుతూ రావాలి. ఆరు కుట్లు, ఇరవై రెండు వరసలు, నూట ముప్పై రెండు మెట్లు. నాకు క్రోషా రాదు. అత్తగారే కూర్చుని లాగారు, కళ్లజోడు ముక్కు చివరికి జారిపోతుంటే. పెళ్లయ్యాక మేమిద్దరం గంటన్నర పాటు మాట మాట అనుకోకుండా కూర్చున్నది అదే మొదటిసారి.

చూశారా, ఇక్కడ అత్తగారి గురించి చెప్పాలని నేను మొదలుపెట్టలేదు. మెలిక తప్పింది కాబట్టి ఆవిడ వచ్చారు. జ్ఞాపకాల పుస్తకంలో జీవితం ఎక్కువైందని మనం తిట్టుకుంటాం గానీ, జీవితం అల్లికలోంచి వస్తే ఎవరూ తిట్టరు. అల్లిక ఒక పక్క, జీవితం ఒక పక్క పెట్టుకుని ‘ఇది దానిలాంటిది’ అంటూ ఉంటేనే విసుగు.

దీనికి నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ జ్ఞాపకాల పుస్తకం కాదు, నాటకం. జాన్ మిల్లింగ్టన్ సింజ్ రాసిన ‘రైడర్స్ టు ద సీ’, 1904లో డబ్లిన్‌లో ఆడారు. ఐర్లండ్ పడమటి తీరంలో అరన్ దీవుల దగ్గర ఒక కుటుంబంలో మగవాళ్లు ఒక్కొక్కరే సముద్రంలో పోతుంటారు. దూరాన ఎక్కడో ఒక శవం కొట్టుకొచ్చిందని, దాని ఒంటి మీద చొక్కా, ఒక మేజోడు తెచ్చి ఇస్తారు. అది సముద్రంలోకి వెళ్లి తిరిగిరాని అన్నదో కాదో ఇంట్లో అక్కచెల్లెళ్లకి తెలియదు. అలాంటి మేజోళ్లు ఊళ్లో ఎవరికైనా ఉండొచ్చు. చెల్లెలు కుట్లు లెక్కపెడుతుంది. తను అల్లిన మూడో జతలో రెండోదది, అరవై కుట్లు ఎక్కించి నాలుగు వదిలేసింది. లెక్క సరిపోతుంది. అంతే, అన్న పోయాడని ఇంక తెలియాల్సింది ఏమీ లేదు. అందులో ఊలు జీవితానికి గుర్తని ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు. ఆ అమ్మాయికి తన లెక్క తనకి గుర్తుంది. అంతే.

తమాషా ఏమిటంటే ఈ నాటకంలోంచే ఒక కట్టుకథ పుట్టి నిట్టింగ్ పుస్తకాల్లో స్థిరపడిపోయింది. అరన్ స్వెట్టర్లలో ఒక్కో కుటుంబానికి ఒక్కో డిజైన్ ఉండేదనీ, మునిగిపోయిన బెస్తవాళ్లని డిజైన్ చూసి గుర్తుపట్టేవాళ్లనీ. స్వెట్టర్లు అమ్ముకునేవాళ్లకి బాగా పనికొచ్చిన కథ, దానికి ఆధారం లేదు. నాటకంలో ఉన్నది మేజోడు, అదీ కుటుంబం డిజైన్ కాదు, ఒక అమ్మాయి వదిలేసిన నాలుగు కుట్లు. జ్ఞాపకాలు రాసే ఆవిడ ఐర్లండ్ ప్రయాణం పెట్టిందంటే ఈ కథ రావడం ఖాయమని నేను ముందే పెన్సిల్ పట్టుకు కూర్చుంటాను. తెలిసిన పాఠకులకి అక్కడితో నమ్మకం పోతుంది, ఆ తర్వాత ఆవిడ మొగుడి గురించి చెప్పింది కూడా నమ్మబుద్ధి కాదు.

నిట్టింగ్‌నీ జీవితాన్నీ ఒకే పుస్తకంలో పెట్టి నన్ను మెప్పించిన మనిషి ఎలిజబెత్ జిమ్మర్‌మన్. ఇంగ్లండ్‌లో 1910లో పుట్టి, జర్మన్‌ని పెళ్లాడి, 1937లో అమెరికా చేరి, విస్కాన్సిన్‌లో స్థిరపడింది. ఆవిడ భర్త బీరు తయారుచేసేవాడు. అమెరికాలో రెండు తరాల వాళ్లకి నిట్టింగ్ అంటే భయం పోగొట్టింది ఆవిడే. ‘నిట్టింగ్ అరౌండ్’ అనే పుస్తకం 1989లో వచ్చింది. అందులో తన జీవిత కథ ఉంది, స్వెట్టర్లు అల్లే విధానాలూ ఉన్నాయి. జీవిత కథ వచ్చే భాగాలకి ఆవిడ పెట్టుకున్న పేరు ‘డైగ్రెషన్స్’. అంటే పక్కదారులు. మనవాళ్లు పురాణం చెప్తూ పిట్టకథలోకి వెళ్లొచ్చినట్టు. అసలు దారి అల్లికే. పాఠకుడికి ఎక్కడున్నాడో తెలుస్తుంది, కావాలంటే పక్కదారి వదిలేసి ముందుకు పోవచ్చు. మీ పుస్తకంలో ఆవిడ అదే పని తలకిందులుగా చేసింది, పైగా చెప్పకుండా చేసింది.

జిమ్మర్‌మన్ లెక్క ఒకటి నాకు వంటింటి కొలతలా అలవాటైపోయింది. ఒంటి చుట్టూ కుట్లని నూరు శాతం అనుకుంటే మణికట్టు దగ్గర ఇరవై శాతం, చేయి పైభాగానికి ముప్పై మూడు, చంక కింద ఎనిమిది, మెడకి నలభై. ఒంటికి 200 కుట్లయితే మణికట్టుకి 40. ఎవరి ఒళ్లయినా, ఏ ఊలయినా ఇదే. ఆ నాలుగు అంకెల్లో ఆవిడ ఎన్ని స్వెట్టర్లు అల్లి ఎన్ని విప్పిందో నాకు కనిపిస్తుంది.

సరే, ఇక మన వైపు. మనలో కూడా తప్పుంది.

ఉత్త నిట్టింగే ఉండే జ్ఞాపకాల పుస్తకం ఎవరూ చదవలేరు. సీదా, సీదా, ఉల్టా, ఉల్టా, వరస తిప్పు. మూడొందల పేజీలు ఇదే ఉంటే మీరే ముందు ఒక చుక్క (స్టార్) ఇచ్చి రివ్యూ రాస్తారు. ‘నిట్టింగ్ గోల ఎక్కువైంది’ అన్న ఆ రెండో సగం మంది 920 కోసం వచ్చి 746లో పడ్డవాళ్లు. వాళ్ల బాధా నిజమే. వాళ్లలో ఆడియో పుస్తకం కొన్నవాళ్లు ఉంటే ఇంకా పాపం. అధ్యాయం చివర ‘రెండు సీదా, రెండు ఉల్టా, నక్షత్రం గుర్తు నుంచి మళ్లీ’ అని పది నిమిషాలు చదివి వినిపిస్తారు. నేను ఒకసారి మెట్రోలో విన్నాను, మియాపూర్ వచ్చేసినా టోపీ పూర్తికాలేదు.

ఇంకోటి, మనం నిట్టింగ్ చేసే మనిషంటే గోడవారగా మంచం మీద పక్కన కూర్చున్న ఆంటీలా ఉంటుందనుకుంటాం. పుస్తకంలో ఆవిడ చిరాకు మనిషిగా, తనమీద తనకే జాలిపడే మనిషిగా కనిపిస్తే ఏదో ద్రోహం జరిగినట్టుంటుంది. చాలా రివ్యూల్లో అసలు కోపం ఇదే. ‘ఆవిడతో ఒక సాయంత్రం కూడా కూర్చోలేను’ అని. కూర్చోవాల్సిన అవసరం లేదు కదా, చదివితే చాలు. ఈ ఒక్క విషయంలో మాత్రం నేను రచయిత వైపే.

డబ్బు సంగతి మాత్రం మీరు రాసింది నూటికి నూరు పాళ్లూ నిజం. చేత్తో రంగులద్దిన మెరినో ఊలు, వంద గ్రాముల లచ్ఛీ, అంటే ఊలు కట్ట, ముప్పై డాలర్లు, స్వెట్టర్‌కి ఐదు కావాలి. ‘నిట్టింగ్ నాకు సాదాగా బతకడం నేర్పింది’ అని రాసిన పేజీకి ఎదురు పేజీలో నూట యాభై డాలర్ల ఊలు. మా క్వార్టర్స్‌లో పిల్లలు పెరిగితే స్వెట్టర్ విప్పేసేవాళ్లం. విప్పిన ఊలు మెలికలు తిరిగి నూడుల్స్‌లా ఉండేది. దాన్ని కుర్చీ వీపుకి చుట్టి లచ్ఛీ చేసి, మన నేతవాళ్లు చిలప అంటారు చూడండి అలాగ, నీళ్లలో తడిపి, కింద చిన్న బరువు కట్టి ఆరేస్తే మళ్లీ సాఫవుతుంది. కొత్త ఉండ ఒకటి లూధియానా ఊలు కలిపి బోర్డర్‌కి వాడేవాళ్లం. మా పెద్దవాడి నీలం స్వెట్టర్ చిన్నదానికి, అది మళ్లీ టోపీగా మారింది. ఆ మాట ఏ పుస్తకంలోనూ నాకు ఇంతవరకు కనపడలేదు.

మా అత్తగారి లేసు సంగతి కూడా అంతే. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఆడవాళ్లు తరాలుగా చేస్తున్నది క్రోషా, మీ నిట్టింగ్ కాదు, సూది ఒక్కటే. మిషనరీల ద్వారా పంతొమ్మిదో శతాబ్దంలో వచ్చిన పని. ఏజెంటు దారం ఇస్తాడు, లెక్క ప్రకారం లేసు తీసుకుంటాడు, సరుకు దేశాలు దాటిపోతుంది. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు వచ్చి చూసి 1982లో దీని మీద పుస్తకమే వేసింది. రోజంతా చేసే పనిని ఇంట్లో తీరికవేళ చేసుకునేదని చెప్పి ఎంత తక్కువ కూలి ఇస్తున్నారో అందులో చూపించింది. మా అత్తగారు జ్ఞాపకాలు రాసి ఉంటే మొదటి పేజీలో మనశ్శాంతి ఉండేది కాదు, ఏజెంటు ఎన్ని పూలు వెనక్కి కొట్టాడో ఉండేది. పడమటి దేశాల నిట్టింగ్ జ్ఞాపకాలు చాలావరకు తీరిక ఉన్నవాళ్లవి. అది వాళ్ల తప్పు కాదు. చదివేటప్పుడు అది మనకి గుర్తుంటే సగం కోపం తగ్గుతుంది.

ఇకముందు కొనేటప్పుడు ఏం చూడాలంటే, ఆన్‌లైన్‌లో ఇచ్చే మచ్చు పేజీల్లో మొదటి తప్పు కోసం వెతకండి. ఎక్కడో ఒకచోట ఆవిడ కుట్టు జారాలి, లెక్క తప్పాలి, విప్పాలి. ఏ వరసలో, ఎలా సరిచేసిందో చెప్పిందంటే కొనొచ్చు. విప్పడం చివరి అధ్యాయంలో గుండె బరువు దింపుకోవడానికి మాత్రమే వస్తే వదిలేయండి. ఐదు చుక్కల రివ్యూలూ, ఒక చుక్కవీ పక్కన పెట్టి మూడు చుక్కలవి చదవండి. వాళ్లే పుస్తకంలో ఏముందో చెప్తారు. మీరు కూడా కోపంగా ఒక చుక్క ఇచ్చి ఊరుకోకుండా, ‘మూడొందల పేజీలు, అల్లిక ముప్పై, డిజైన్లు నాలుగు, విడాకులు వివరంగా’ అని రాయండి. ఎవరి అర వాళ్లు వెతుక్కుంటారు.

అమ్మగారి టోపీ గురించి చెప్పి ముగిస్తాను, ఎందుకంటే ఈ ఒక్క కేసులో రచయిత్రి నిర్దోషి. మీరు పెట్టిన ఫోటోలో డిజైన్ మొదటి లైను కనిపిస్తోంది: 8 నంబరు సూదులు, 88 కుట్లు. పుస్తకం అమెరికాది. అక్కడ 8 నంబరంటే 5 మిల్లీమీటర్లు. మన దేశంలో షాపుల్లో అమ్మేవి పాత బ్రిటిష్ నంబర్లు, వాటిలో 8 అంటే 4 మిల్లీమీటర్లు. నంబరు పెరిగే కొద్దీ వాళ్ల సూది లావవుతుంది, మన సూది సన్నబడుతుంది. అమ్మగారు ఇంట్లో ఉన్న 8 నంబరుతో, మామూలు ఊలుతో అల్లి ఉంటారు. పది సెంటీమీటర్లకి 18 కుట్లు పడాల్సినచోట 22 పడ్డాయి. 88 కుట్లకి 49 సెంటీమీటర్ల చుట్టుకొలత రావాల్సింది 40 వచ్చింది. అది పెద్దవాళ్ల తలకి ఎలా పడుతుంది? పక్కన మిల్లీమీటర్లు కూడా వేసి ఉంటే ఈ గొడవే లేదు, అది ప్రచురణకర్త బద్ధకం.

ఈసారి అమ్మగారిని షాపులో నంబరు చెప్పకుండా 5 మిల్లీమీటర్లవి అడగమనండి. నంబరే చెప్పమంటే 6 అని చెప్పాలి. ఊలు కూడా కాస్త లావుది తీసుకోమనండి. అల్లేసిన టోపీని మాత్రం విప్పొద్దని చెప్పండి. 40 సెంటీమీటర్లు, పైగా సాగుతుంది, ఆర్నెల్ల పిల్లలకి సరిగ్గా పడుతుంది. మీ చుట్టాల్లో ఈ చలికాలానికి అలాంటి తల ఒకటి ఉండే ఉంటుంది.